డిస్కు బ్రేకు విప్పిన ఆదివారం

మొన్న మా అమ్మాయి తన స్కూటరుకు ముందు బ్రేకు సరిగా పట్టడం లేదంటే, ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని చేసేదేముందని నేనూ తనతోపాటు సర్వీసు సెంటరుకు వెళ్లాను. అనంతపురం ఎండల్లో గడప దాటబుద్ధి కాదు గాని, ఆ అద్దాల గదిలోకి పోయి చల్లగాలి కింద మెత్తటి కుర్చీలో కూర్చున్నాక, పెళ్లివారింటికి వచ్చిన మగపెళ్లివాళ్లలాగా ఉందే మన పని అనిపించింది. కాసేపటికి చొక్కా మీద చుక్క మరకైనా లేని ఒక అబ్బాయి వచ్చి, బ్రేకులోని క్యాలిపర్ పట్టేసిందనీ, దాన్ని మొత్తంగా తీసేసి కొత్తది వేయాలనీ చెప్పాడు. లోపల సీళ్లు మార్చి, పిస్టన్ శుభ్రం చేసి బిగిస్తే సరిపోదా అని నా నోట్లోంచి అనుకోకుండా వచ్చేసింది. ఆ అబ్బాయి నా నెరిసిన జుట్టువైపు ఒకసారి చూసి, ఇప్పుడు దాన్ని ఎవరూ విప్పరమ్మా, మార్చేయడమే అని మర్యాదగా నవ్వి వెళ్లిపోయాడు. ఇవన్నీ నీకెట్లా తెలుసు అన్నట్లు మా అమ్మాయి నావైపు వింతగా చూసింది. ఆ అద్దాల గదిలో చెప్పే కథ కాదు గనక నవ్వి ఊరుకున్నాను. కానీ ఇంటికి వచ్చినా నవ్వు ఆగలేదు, నవ్వు వెనకాలే ఒక ఆదివారం మధ్యాహ్నం మొత్తం కళ్లముందు పరుచుకుంది.

అది ఈ శతాబ్దం మొదట్లో, మేము రాయదుర్గంలో ఉన్న రోజుల మాట. అప్పట్లో ఆ ఊరికి కొత్తగా వచ్చినవాళ్లకు మొదట వినబడేది కుట్టు మిషన్ల చప్పుడే. ఏ సందులోకి పోయినా, ఏ ఇంటి కిటికీ పక్కన నిలబడినా గరగరమని జీన్సు గుడ్డ మీద సూది పరుగెత్తే శబ్దం. వానలు ముఖం చాటేసిన ఏళ్లలో చుట్టుపక్కల పల్లెల నుంచి శెనక్కాయ చేలు వదిలేసి వచ్చిన సంసారాలన్నీ ఆ మిషన్ల మీదే బతికాయి. మాదీ అలాంటి సంసారమే. నేను ఇంట్లోనే మిషను పెట్టుకుని ప్యాంటులకు జేబులు కుట్టేదాన్ని. రంగు ఊడే గుడ్డ కావడంతో నా వేళ్ల చివర్లు ఎప్పుడూ నీలంగా ఉండేవి, అన్నం కలుపుకుంటే ముద్దకు కూడా ఆ నీలం అంటుతుందేమోనని మా అత్త భయపడేది. మా ఆయన కుట్టు యూనిట్లలో కత్తిరించిన ముక్కలను మూటలు కట్టి, మోటారు సైకిలు మీద పల్లెల్లో కుట్టేవాళ్ల ఇళ్లకు చేరవేసి, కుట్టినవాటిని మళ్లీ తెచ్చేవాడు. ఆయన మా మేనత్త కొడుకే గనక పెళ్లికి ముందూ తరువాతా నాకు బావే. పిలుపు మార్చుకోవలసిన అవసరం రాలేదు.

ఆ బండి సంగతి చెప్పాలి. బళ్లారిలో ఎవరో వాడి అమ్మేసిన బండి, మా ఆయన ఎంతో ముచ్చటపడి తెచ్చుకున్నాడు. ముందు చక్రానికి డిస్కు బ్రేకు. మా వీధిలో అప్పటిదాకా అందరివీ లోపల లైనర్లు ఉండే పాత డ్రమ్ము బ్రేకులే గనక, ఆ మెరిసే పళ్లేన్ని, దాని నిండా ఉన్న చిల్లులను చూడటానికి జనం వచ్చారంటే నమ్మండి. ఒక ముసలాయన అయితే వంగి చూసి, ఏమప్పా, దోసెల పెనాన్ని చక్రానికి బిగించినారా అన్నాడు. మా ఆయన రోజూ పొద్దున్నే నా దగ్గర మిగిలిన జీన్సు ముక్కతో ఆ పళ్లేన్ని తుడిచేవాడు. ఇంట్లో ఇత్తడి చెంబులు కూడా అంత మెరిసేవి కావు.

అయితే మన నేల సంగతి మీకు తెలియనిది కాదు. ఎండాకాలం గాలి లేస్తే ఎర్రదుమ్ము మూసిన తలుపుల్లోంచి కూడా దూరుతుంది, ఇక బండికి అడ్డేముంది. మొదట బ్రేకు వేశాక వదలడం మానేసింది. మూటలతో పోయి వచ్చేసరికి ఆ పళ్లెం కాలి, నీళ్లు చిలకరిస్తే చుయ్‌మనేది. కొన్నాళ్లకు ఉల్టా అయింది. లోపలి నుంచి ఆయిలు కారి చక్రం మీద చారలు పడసాగాయి, లివరు నొక్కితే చేతికి ఏమీ తగలకుండా లోపలికి పోయేది. వెనక బ్రేకు ఉంది కదా అని మా ఆయన అట్లాగే నెట్టుకొచ్చాడు. చివరికి ఒకరోజు, ముందొక మూట, వెనక రెండు మూటలు వేసుకుని ఒక పల్లె దగ్గరి దిగుడులో వస్తుంటే బండి ఆగలేదు. వెనక చక్రం జారి, రోడ్డు దిగి, ఎవరి చేని గట్టుకో తగిలి పడ్డాడు. మూటలు మెత్తగా ఉండబట్టి ఆయనకు మోకాలు చెక్కుకుపోవడం తప్ప ఏమీ కాలేదు గాని, ప్యాంటు ముక్కలు చేను నిండా చెదిరిపోయాయి. ఆ పల్లె ఆడవాళ్లు వాటిని ఏరి, దుమ్ము దులిపి, మూట కట్టి ఇచ్చారట.

ఆ సాయంత్రం ఆయన కుంటుతూ ఇంట్లోకి రావడం, మా అత్త ఆ మోకాలు చూడటం, అదొక్కటీ నేను మరిచిపోలేను. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. బ్రేకు పడలేదా అని మాత్రం అడిగింది. మా మామ, అంటే ఆమె భర్త, లారీకి క్లీనరుగా పోయేవాడు. మా ఆయన చిన్నగా ఉన్నప్పుడే ఒక ఘాట్ రోడ్డులో లారీ బోల్తా పడి పోయాడు. ఎందుకు పడింది, ఎట్లా పడింది అన్నదానికి ఆమెకు ఎవరో వచ్చి చెప్పింది ఒకే మాట, బ్రేకు పడలేదమ్మా అని. ఆ మాట మా ఇంట్లో ఎవరూ అనేవాళ్లు కాదు. ఇప్పుడు కొడుకు నోటి నుంచి, అవునమ్మా, పడలేదు అని వచ్చేసరికి, ఆమె చాలాసేపు ఆ మోకాలికి పసుపు అద్దుతూ కూర్చుని, చివరికి తేల్చేసింది.

"బండి అమ్మేయి. మూటలు సైకిలు మీద తోసుకుంటావో, నెత్తిన మోస్తావో, నాకు తెల్దు. ఆ బండి నా ఇంట్లో ఉండకూడదు."

అమ్మేస్తే బతుకు ఎట్లా జరుగుతుందో ఆమెకూ తెలుసు. పని ఇచ్చే యూనిట్టు యజమాని అప్పటికే కబురు పంపాడు. బండి బాగయితే సోమవారం పొద్దున్నే వచ్చి మూటలు ఎత్తుకోమని, లేకపోతే ఆ పల్లెలను ఇంకొకరికి ఇచ్చేస్తానని. ఒకసారి చేయి జారిపోతే ఆ పని మళ్లీ దొరకదు, బండి ఉన్నవాళ్లు అప్పుడే చాలామంది తయారయ్యారు. మా ఆయన వీధి చివరి మెకానిక్కు దగ్గరికి తోసుకుపోయాడు. ఆ మెకానిక్కు మంచివాడే, ఇంజను విప్పి బిగించడంలో ఘనుడు, కానీ ఈ డిస్కు సంగతి తనకు తెలియదని నిజం చెప్పాడు. బళ్లారికి పోతే, విప్పేది లేదు, మొత్తం మార్చాలి, అదీ బెంగళూరు నుంచి తెప్పించాలి అన్నారు. దానికయ్యే ఖర్చు మాలాంటివాళ్లు తలచుకునేది కాదు. అయితే ఆ అంగడాయనే మాటల్లో, లోపలి రబ్బరు సీళ్లు విడిగా కూడా దొరుకుతాయిగాని ఎవరూ వేసుకోరని అన్నాడట. ఆ ఒక్క ముక్క పట్టుకుని మా ఆయన ఇంటికి వచ్చాడు.

నేను అప్పుడు మిషను దగ్గర కూర్చుని ఉన్నాను. ఆ మాట వినగానే నాకు ఒళ్లంతా ఒకరకమైన హుషారు పాకింది. మా మిషను పాడైతే మేమే విప్పుకునేవాళ్లం. అడుగున దారం పీచు చేరి బిగుసుకుపోతే పుల్లతో గీకి, నూనె చుక్క వేసి, మళ్లీ కూర్చేవాళ్లం. ఇదీ ఇనుమే కదా, ఇందులోనూ దుమ్మే కదా చేరింది అనిపించింది. ఇద్దరం కలిసి విప్పుదాం బావా అన్నాను. మిషను ఆగితే గుడ్డ చెడుతుంది, ఇది ఆగకపోతే మనిషి పోతాడు అన్నాడాయన. అందుకే మనమే చూసుకుని బిగించుకుందాం, బాగా పట్టిందని మనకే నమ్మకం కుదరకపోతే అత్త చెప్పినట్లే అమ్మేద్దాం అన్నాను. ఆ షరతు మీద ఒప్పుకున్నాడు.

మా అన్న బెంగళూరు బస్సు నడిపేవాడు. కబురు పెడితే శనివారం రాత్రి బస్సుకు వచ్చి, చిన్న కవరులో సీళ్లు, ఒక సీసా బ్రేకు ఆయిలు ఇచ్చిపోయాడు. పోతూ పోతూ, అంగడివాడు చెప్పిన జాగ్రత్తలు కూడా అప్పజెప్పాడు. రబ్బరుకు పెట్రోలు, కిరసనాయిలు తగలకూడదు, ఉబ్బిపోతుంది, ఏది తడపాలన్నా ఈ సీసాలోదే వాడాలి, ఇనుప మొనతో లోపల గీకకూడదు. నేను ఆ మాటలను మంత్రంలాగా మననం చేసుకుంటూ పడుకున్నాను. పెళ్లి ముందురోజు రాత్రి కూడా నాకు నిద్ర పట్టింది గాని, ఆ రాత్రి పట్టలేదు.

ఆదివారం అన్నాలు తిన్నాక, ముంగిట్లో వేపచెట్టు నీడ పడేచోట పాత జీన్సు గుడ్డ పరిచాం. విప్పిన నట్లు పోకుండా వేయడానికి నేను వంటింట్లోంచి అన్నం తినే స్టీలు తట్ట తెచ్చాను, మా అత్త అది చూసి కూడా ఏమీ అనలేదు. అనకపోవడమే పెద్ద కోపం. ఆమె అరుగు మీద మాకు వీపు పెట్టి కూర్చుని, శెనక్కాయలు వలవడం మొదలుపెట్టింది. మా పాప ఉయ్యాలలో నిద్రపోతోంది.

క్యాలిపర్ అంటే ఏమిటో అంతవరకూ నాకు తెలియదు. చూస్తే, పళ్లేన్ని రెండువైపులా కరిచి పట్టుకునే ఇనుప దవడ. లివరు నొక్కితే ఆయిలు వచ్చి లోపలున్న గుండ్రటి పిస్టన్‌ను తోస్తుంది, అది ప్యాడ్లను తోస్తుంది, అవి పళ్లేన్ని కరుస్తాయి. ఇంత పెద్ద బండి, అన్ని మూటలు, ఒక మనిషి ప్రాణం, అన్నీ కలిసి ఈ పిడికెడు ఇనుము మీద ఆధారపడి ఉన్నాయా అని ఆశ్చర్యపోయాను. ప్యాడ్లు తీశాక పిస్టన్ బయటికి రావాలి. అది రాదు. ఎర్రదుమ్ము, కారిన ఆయిలు కలిసి పాకం ముదిరిన బెల్లంలాగా దాని చుట్టూ గట్టిపడి ఉంది. పైన లివరు దగ్గరి డబ్బాలో కొంచెం ఆయిలు పోసి, ఆయన కింద పట్టుకుని, నన్ను లివరు మెల్లగా నొక్కమన్నాడు. నొక్కగా నొక్కగా అది తాబేలు తలలాగా కొంచెం కొంచెమే బయటికి వచ్చి, చివరికి గబుక్కున తట్టలో పడింది. వెనకాలే ఆయిలు చిమ్మి ట్యాంకు మీద పడింది. తుడిచేలోపే అక్కడ రంగు ముడతలు పడి పొంగింది. మా ఆయన ముఖం చూడాలి, పడినప్పుడు మోకాలికి తగిలిన దెబ్బకు కూడా అంత బాధపడలేదు.

పిస్టన్ తుడిచి చూస్తే కింద నున్నగా, గీతలు లేకుండా ఉంది. అది చూసి ఇద్దరం ఊపిరి పీల్చుకున్నాం. గీతలు పడి ఉంటే మా పని అక్కడితో సరి. పాత సీళ్లు ఎండిన మామిడి తాండ్రలాగా పెళుసెక్కి ఉన్నాయి. అవి కూర్చునే గాడుల్లో చేరిన మడ్డిని చీపురుపుల్ల చెక్కి, గుడ్డ చుట్టి, ఓపిగ్గా గీకింది నేనే. ఆ పని నాకు కొత్తగా అనిపించలేదు, జేబు మూలల్లో కుట్టు తిప్పడం లాంటిదే. పుల్ల తిప్పేకొద్దీ మట్టి పోయి లోపల వెండిలాగా మెరుస్తుంటే, బావి తవ్వేవాడికి తడి తగిలినట్లుండేది. కొత్త సీళ్లను ఆయిల్లో తడిపి గాడుల్లోకి నేనే కూర్చాను. మా ఆయన వేళ్లు పెద్దవి, ఆయన పెడితే మెలిపడేది. నేను కళ్లు మూసుకుని చుట్టూ వేలు తిప్పి చూసేదాన్ని. ప్యాంటు అంచు ఎక్కడ ముడత పడిందో చూడకుండా చెప్పే వేళ్లు, రబ్బరు ఎక్కడ మెలిపడిందో చెప్పలేవా. తరువాత పిస్టన్‌ను ఆయిల్లో తడిపి, నిటారుగా పెట్టి బొటనవేళ్లతో నొక్కితే, అబ్బ, ఎంత మెత్తగా లోపలికి పోయిందో. ఇద్దరం చిన్నపిల్లల్లాగా నవ్వుకున్నాం. మళ్లీ ఒకసారి బయటికి తీసి మళ్లీ నొక్కుదామా అని కూడా అనిపించింది.

ఆ ఆనందం ఎక్కువసేపు నిలవలేదు. అన్నీ బిగించి, ఆయిలు నింపి, లోపలి గాలి తీయాలి. దానికి ఇద్దరు మనుషులు కావాలి. పైన ఒకరు లివరు నొక్కి పట్టుకోవాలి, కింద ఒకరు నిపుల్ అనే చిన్న గాలిమరను వదులు చేయాలి, గాలి బుడగలు బయటికి పోగానే బిగించాలి, అప్పుడే పైన లివరు వదలాలి. ఆసుపత్రి కాంపౌండరును అడిగి తెచ్చిన కొత్త సెలైను గొట్టం నిపుల్‌కు తగిలించి, దాని రెండో కొస గ్లాసులో పెట్టాం. ఆయన పట్టు అంటే పట్టడం, వదులు అంటే వదలడం. మొదట్లో బుడగలు కుక్కర్లో పప్పులాగా పొంగి వస్తుంటే ఎంత సంబరమో. తరువాత బుడగలు ఆగిపోయాయి. కానీ లివరు మాత్రం గట్టిపడలేదు. నొక్కితే తడిసిన పరుపు మీద చెయ్యి వేసినట్లు మెత్తగా దిగిపోయేది. మళ్లీ మొదలుపెట్టాం. మళ్లీ అంతే. అప్పటికి ఇరుగుపొరుగు నలుగురూ చేరారు. పక్కింటాయన సీలు తిరగబడి ఉంటుందన్నాడు, ఎదురింటావిడ ఈ దిక్కుమాలిన బండి మొదటినుంచీ అంతే అంది. పొద్దు వాలుతోంది. మా ఆయన పానా కింద పెట్టి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఇక అమ్మేద్దాంలే అనే మాట ఆయన ముఖంలో నాకు కనబడుతోంది.

నాకు మాత్రం అప్పుడు మా నాయన బోరుబావి గుర్తుకు వచ్చింది. నీళ్లు ఉండి కూడా పైపులో గాలి పట్టి మోటారు ఉత్తగా తిరిగేది. మా నాయన అప్పుడు పైపు ఎక్కడ ఎత్తుగా ఉందో అక్కడికి పోయి మూత వదులు చేసేవాడు. గాలి ఎప్పుడూ పైకే పోతుందమ్మా, కింద దోవ ఇస్తే అది యాడికి పోతుంది అనేవాడు. నేను వంగి చూశాను. బిగించి ఉన్నప్పుడు ఆ క్యాలిపర్ నిపుల్ పక్కకు తిరిగి ఉంది, దానికంటే పైన లోపల ఇంకా చోటు ఉంది. గాలి ఆ పైచోట్లోనే కూర్చుని ఉండాలి. బావా, దాన్ని విప్పి పైకి ఎత్తి పట్టుకుందాం, నిపుల్ ఆకాశం వైపు ఉండేట్లు అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆలోచించి దిగ్గున లేచాడు. ప్యాడ్ల మధ్య చెక్కముక్క పెట్టి, క్యాలిపర్ ఊడదీసి, నేను రెండు చేతులతో పైకి ఎత్తి పట్టుకున్నాను. ఆయన నిపుల్ దగ్గర పానా పట్టుకున్నాడు. మరి లివరు? పక్కింటాయన ముందుకు వచ్చేలోపే, ఇంతసేపూ మాకు వీపు పెట్టి కూర్చున్న మా అత్త ఒడిలోని శెనక్కాయ పొట్టు దులుపుకుని లేచి వచ్చింది.

"నేను పడతా. యాడ పట్టుకోవాలో చూపించు."

మా ఆయన ఆమె చెయ్యి తీసుకుని లివరు మీద పెట్టాడు. ఏ బ్రేకు పడక ఆమె ఇంట్లో దీపం ఆరిపోయిందో, ఆ బ్రేకును ఆమె తన చేత్తో పట్టుకుని నిలబడింది. పట్టమ్మా అన్నాడు కొడుకు. ఆమె చీరకొంగు నడుముకు దోపి, పళ్లు బిగించి నొక్కింది. ఆయన నిపుల్ వదులు చేయగానే గొట్టంలో పెద్ద బుడగ ఒకటి, దాని వెనకాల చిన్నవి గుంపుగా, చీమలు పుట్టలోంచి వచ్చినట్లు వచ్చాయి. వదలాకు, వదలాకు అని ఆయన అంటూనే నిపుల్ బిగించాడు. మళ్లీ పట్టు, మళ్లీ వదులు. ఎత్తి పట్టుకున్న నా మోచేతుల దాకా ఆయిలు కారుతోంది, అయినా దించబుద్ధి కాలేదు. గొట్టంలో ఆయిలు తేనెలాగా ఒకే ధారగా రావడం మొదలైంది. మా అత్త ఇంకొకసారి నొక్కబోయి ఆగిపోయింది. మళ్లీ నొక్కి చూసింది.

"ఇంగ దిగడం లేదురా," అంది. "రాయి మాదిరి ఉండాది."

మా ఆయన లివరు నొక్కి చూశాడు, నేను నూనె చేతులతోనే నొక్కి చూశాను, పక్కింటాయన నొక్కి చూశాడు, బండిని ఎప్పుడూ తిట్టే ఎదురింటావిడ కూడా వచ్చి నొక్కి చూసింది. క్యాలిపర్‌ను తిరిగి బిగించి, ఆయన బండిని ముంగిట్లో నెట్టుకుంటూ పోయి లివరు పట్టాడు. ఉన్నచోటనే ముక్కు వంచి నిలబడిపోయింది. వీధి అంతా ఏదో జాతర జరిగినట్లు మాట్లాడుకుంది. మా అత్త మాత్రం చెయ్యి కడుక్కుని, ఆ తట్ట ఇంక అన్నానికి పనికిరాదు అని, ఆ రోజుకు మొదటిసారి నన్ను తిట్టింది.

సోమవారం పొద్దున్నే మా ఆయన ఒక్కడే పోతానన్నాడు. నేను ఒప్పుకోలేదు. నా చేత్తో కూర్చిన సీలు, నేను చూడకుండా ఎట్లా ఉంటాను. పాపను మా అత్తకు అప్పగించి, ముందు ట్యాంకు మీద ఒక మూట, వెనక నా ఒడిలో ఒక మూట పెట్టుకుని బయలుదేరాం. ఊరు దాటాక ఆయన కావాలనే రెండు మూడుసార్లు ఆపి చూశాడు, ఆపినప్పుడల్లా మూటతో సహా ఆయన వీపుకు కొట్టుకుని నేను పకపకా నవ్వేదాన్ని. ఇక ఆయన పడ్డ దిగుడు వచ్చింది. రెండువైపులా కంపచెట్లు, కింద వానకు పారే వంక. బండి దిగడం మొదలుపెట్టగానే నా నవ్వు ఆగింది. సగం దిగామో లేదో, కంపచెట్ల మధ్య నుంచి గొర్రెల మంద ఒక్కసారిగా రోడ్డు మీదికి పొంగింది, బాన పగిలి రాగులు ఒలికినట్లు. ముందు ఒక తల్లి, దాని కాళ్ల మధ్య అప్పుడే నడక నేర్చిన పిల్ల. అది రోడ్డు నడిమధ్య నిలబడి మావైపే చూస్తోంది.

మా ఆయన లివరు పట్టాడు. ముందు చక్రం నేలను కరిచింది. నేను, మూట, ఆయన, అందరం ముందుకు ఒరిగాం, బండి మాత్రం తూలలేదు, జారలేదు, గట్టిగా, నిదానంగా ఆగిపోయింది. ఆ గొర్రెపిల్ల ముందుకు ఒక అడుగు వేసి మా చక్రాన్ని వాసన చూసింది. వెనక నుంచి కాపరి కంబళి భుజాన వేసుకుని పరుగెత్తుకుంటూ వచ్చి, కండ్లు నెత్తికెక్కినాయా అని మొదలుపెట్టి, పిల్ల క్షేమంగా ఉండటం చూసి తగ్గాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసి అన్నాడు.

"ఆపినావులే అప్పా. ఎవరు చేసినారు బ్రేకు?"

మా ఆయన వెనక్కి తిరిగి నావైపు చూపించి, ఇంట్లోనే చేసుకున్నాం, మా ఇంట్లో ఆడోళ్లు చేసినారు అన్నాడు. కాపరికి నమ్మకం కుదిరిందో లేదో నాకు తెలియదు. నేను మాత్రం ఆ రోడ్డు మీద, ఆ గొర్రెల మధ్య, ఒడిలో జీన్సు మూట పెట్టుకుని, ఏ సన్మానానికీ రానంత పొంగు గుండెల్లో పెట్టుకుని కూర్చున్నాను. ఇప్పటికీ ఆ పొంగు తలచుకుంటే వస్తుంది.

ఆ పల్లెలు మా చేతుల్లోంచి పోలేదు. పైగా ఆ ఏడాది తిరక్కుండానే వీధిలో డిస్కు బ్రేకు బళ్లు పెరిగాయి, ఆదివారం వచ్చిందంటే మా ముంగిట్లో ఎవరో ఒకరు బండి నిలిపేవాళ్లు. పిస్టన్ ఎవరిదైనా, సీళ్లు కూర్చేది నేనే. మా వీధి చివరి మెకానిక్కు కూడా ఒకసారి వచ్చి కూర్చుని చూసిపోయి, తరువాత తనే బాగా చేయడం మొదలుపెట్టాడు. మాకు ఆదివారాలు మళ్లీ మిగిలాయి. అదే బండి మీద నేను నడపడం కూడా నేర్చుకున్నాను. చీరకట్టుతో మోటారు సైకిలు నడుపుతుంటే మొదట్లో బస్టాండు దగ్గర జనం ఆగి చూసేవాళ్లు, కొన్నాళ్లకు చూడటం మానేశారు.

మా అత్తకు మాత్రం ఆ రోజు నుంచి ఒక అలవాటు పట్టుకుంది. మా ఇంటి నుంచి ఎవరు బండి తీసినా, కొడుకైనా, నేనైనా, చుట్టపుచూపుగా వచ్చినవాళ్లైనా, ఆమె ముంగిట్లోకి వచ్చి, లివరు ఒకసారి తన చేత్తో నొక్కి చూసేది. గట్టిగా ఉంటే పోయిరాండి అని పక్కకు జరిగేది. లేదంటే జరిగేది కాదు, ఎంత తొందర ఉన్నా సరే. కొత్తగా వచ్చిన అల్లుళ్లు నవ్వుకునేవాళ్లు, ఆమె పట్టించుకునేది కాదు. చూపు మందగించిన తరువాత కూడా గోడ పట్టుకుని వచ్చి, తడుముకుని, నొక్కి చూసేది. ఆమె పోయి చాలా ఏళ్లయింది.

కుట్టు పని తగ్గాక మేము రాయదుర్గం వదిలి అనంతపురం వచ్చేశాం. ఆ వీధిలో ఇప్పుడు సగం ఇళ్లకు తాళాలు, కిటికీల పక్కన నిలబడితే మిషను చప్పుడు వినబడదట. ఇప్పటి బళ్లకు ఏది తప్పినా ముందు లైటు వెలుగుతుంది, మనం వంగి చూడక్కరలేదు. బ్రేకులో గాలి తీయడానికి కూడా ఏదో యంత్రం ఉందట, మనిషి ఒక్కడు చాలట. మంచిదే, ప్రాణాలు భద్రంగా ఉండటమే కావలసింది. మా ఇంట్లో ఇప్పుడు మా ఆయనకూ, పిల్లలిద్దరికీ కలిపి మూడు బళ్లు. పొద్దున్నే ఎవరి హెల్మెట్టు వాళ్లు పెట్టుకుని, ఎవరి తాళం వాళ్లు తిప్పుకుని, ఎవరి దోవన వాళ్లు పోతారు. ఒక్కోరోజు నాకూ లేచి పోయి ఆ లివరు ఒకసారి నొక్కి చూడాలనిపిస్తుంది. నేను చెప్పులు తొడుక్కుని ముంగిట్లోకి వచ్చేసరికి, వాళ్లు గేటు దాటి వీధి మలుపు తిరిగి ఉంటారు.